పబ్జీ ఆడే పిల్లాడి కోపం ఎక్కణ్ణుంచి వస్తోంది?

"మా వాడు ఇదివరకు ఇలా ఉండేవాడు కాదండి. ఆ తుపాకుల ఆట మొదలెట్టిన దగ్గర్నుంచే ఇలా తయారయ్యాడు." పాలకొల్లు, అమలాపురం, రాజోలు, ఏ ఊరి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెట్టినా తల్లులు టీచర్ల దగ్గర చెప్పుకునే మాట ఇది. ఫోన్ లాక్కుంటే మీదకొస్తున్నాడు, అన్నం కంచం తోసేస్తున్నాడు, చెల్లిని కొడుతున్నాడు. ఈ ఫిర్యాదులో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పిల్లాడు మారాడన్నది ఒకటి. అది తల్లి కళ్లారా చూసింది, కాదనడానికి మనమెవరం? తుపాకుల ఆట వల్లే మారాడన్నది రెండోది. అది చూసింది కాదు, ఊహించింది. ఆ ఊహ ఎంతవరకు నిజమన్నదాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు ముప్ఫై ఏళ్లుగా తగువులాడుకుంటున్నారు. ఆ తగువు ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే, ఇంట్లో జరిగే గొడవను కూడా కాస్త వేరేగా చూడగలుగుతాం.

ఈ చర్చ వీడియో గేములకంటే ముందు, గాలి నింపిన ఓ బొమ్మతో మొదలైంది. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా 72 మంది చిన్నపిల్లలతో ఓ ప్రయోగం చేశాడు. కొందరు పిల్లల ఎదురుగా ఒక పెద్ద మనిషి బోబో అనే బొమ్మను సుత్తితో కొట్టి, తన్ని, తిట్టాడు. తర్వాత అలాంటి బొమ్మే ఉన్న గదిలో పిల్లల్ని వదిలితే, ఆ గొడవ చూసినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా కొట్టారు. విన్న తిట్లే తిట్టారు. పిల్లలు చూసి నేర్చుకుంటారనడానికి ఇప్పటికీ అందరూ చెప్పే సాక్ష్యం ఇదే. కాకపోతే ఆ బొమ్మ కొట్టడానికే తయారైంది. కొడితే పడి మళ్లీ లేస్తుంది. దాన్ని కొట్టిన పిల్లాడు రేపు పక్కింటి పిల్లాణ్ణి కొడతాడా అన్నది ఆ ప్రయోగం తేల్చలేదు.

1993లో డూమ్ అనే తుపాకుల ఆట వచ్చింది. 1999లో అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు తోటివాళ్లను కాల్చి చంపారు. వాళ్లు డూమ్ ఆడేవాళ్లని బయటపడింది. అక్కణ్ణుంచి నేరం గేములదేనన్న మాట పత్రికల్లో స్థిరపడిపోయింది, పరిశోధనలూ జోరందుకున్నాయి.

పరిశోధనలంటే ఎలా చేస్తారో కొంచెం చూడాలి. అసలు మెలిక అక్కడే ఉంది. కాలేజీ కుర్రాళ్లను పిలిచి, సగం మందితో కాల్పుల ఆట, సగం మందితో మామూలు ఆట కాసేపు ఆడిస్తారు. తర్వాత ఎవరిలో దుడుకుతనం పెరిగిందో కొలవాలి. గదిలో కొట్టుకోమని చెప్పలేరు కదా. అందుకని, ఎదుటివాడి హెడ్‌ఫోన్లో ఎంత గట్టిగా, ఎంతసేపు రొద పెడతావో నొక్కమంటారు. లేదా కారమంటే పడని మనిషికి ఎంత కారం సాస్ వడ్డిస్తావో చూస్తారు. (ఈ రెండో పరీక్ష గుంటూరులో పెడితే ఏం తేలేదో!) ఆ రొద పరీక్షను లెక్కగట్టడానికే పరిశోధకులు వందకు పైగా రకరకాల పద్ధతులు వాడారని మాల్టే ఎల్సన్ అనే జర్మన్ పరిశోధకుడు లెక్కతీసి చూపించాడు. అన్ని పద్ధతులుంటే మనకు నచ్చిన జవాబు ఎక్కడో ఓ చోట దొరక్క మానదు.

అలాగని ఇవన్నీ చెత్త అని కొట్టిపారేయడానికీ లేదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రెయిగ్ ఆండర్సన్ బృందం 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి, లక్షా ముప్ఫై వేల మందికి పైగా మనుషుల లెక్కలు చూసింది. హింస ఉన్న ఆటలు ఆడేవాళ్లలో దుడుకు ప్రవర్తన కొంత పెరుగుతోందని, ఎదుటివాడి మీద జాలి కొంత తగ్గుతోందని చెప్పింది. క్రిస్టఫర్ ఫెర్గూసన్ లాంటి పరిశోధకులు దాన్ని ఒప్పుకోలేదు. సంబంధం కనిపించిన అధ్యయనాలే అచ్చవుతాయి, కనిపించనివి సొరుగులో ఉండిపోతాయి అన్నది వాళ్ల వాదన. ఇంకో చిక్కూ ఉంది. మగపిల్లలు తుపాకుల ఆటలు ఎక్కువ ఆడతారు, మగపిల్లలే ఎక్కువ కొట్టుకుంటారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే సంబంధం ఉన్నట్టే కనిపిస్తుంది, మధ్యలో గేమ్ ఏమీ చెయ్యకపోయినా.

అందుకే ఒకే పిల్లల్ని కొన్నాళ్లపాటు గమనించే అధ్యయనాలకు విలువ ఎక్కువ. మొదట్లో పిల్లాడు ఎంత దుడుకో రాసుకుని, తర్వాత ఎంత మారాడో చూస్తారు. ఇలాంటివి 24 తీసుకుని, 9 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న 17 వేల మందికి పైగా పిల్లల లెక్కలు కలిపి 2018లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు ఒక పత్రం వేశారు. హింసాత్మక ఆటలు ఆడేవాళ్లలో తర్వాతి కాలంలో కొట్లాటలు కాస్త పెరిగాయని తేలింది. ఆ 'కాస్త' ఎంత? పిల్లలందరి దుడుకుతనంలో ఉన్న తేడాను వంద భాగాలు చేస్తే, ఈ ఆటలకు ముడిపడేది సుమారు ఒక భాగం.

ధవళేశ్వరం దగ్గర వరద పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారనుకోండి. ఆ నీళ్లలో ప్రాణహిత ఉంది, ఇంద్రావతి ఉంది, శబరి ఉంది. పాపికొండల్లోంచి జారే పేరులేని వాగు కూడా ఉంది. వాగు నీళ్లు లేవంటే అబద్ధం. వరద ఆ వాగు వల్లే వచ్చిందంటే అంతకన్నా పెద్ద అబద్ధం.

2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ షిబిల్స్కీ, ఆయన సహ పరిశోధకురాలు నెట్టా వైన్‌స్టీన్ కలిసి చేసిన పని నాకు వీటన్నిటికంటే నచ్చింది. లెక్కలు ఎలా కట్టబోతున్నారో ముందే బహిరంగంగా నమోదు చేశారు, తర్వాత మార్చడానికి వీల్లేకుండా. 14, 15 ఏళ్ల బ్రిటన్ పిల్లలు 1,004 మందిని తీసుకున్నారు. ఏ ఆటలో ఎంత హింస ఉందో పిల్లల్ని అడక్కుండా, అధికారిక రేటింగులు చూసి తేల్చారు. పిల్లాడి ప్రవర్తన ఎలా ఉందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగారు. ఆటల హింసకూ, పిల్లల దుడుకుతనానికీ సంబంధం కనబడలేదు.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2015లో ఈ ఆటల వల్ల దుడుకుతనం పెరుగుతుందని తీర్మానం చేసింది. 2020లో దాన్ని సవరించి ఓ గీత గీసింది. అరవడం, తోయడం లాంటి వాటితో చిన్నపాటి సంబంధం ఉంది. హత్యలు, దాడులు లాంటి నేరాలకు ఈ ఆటలే కారణమనడానికి చాలినంత ఆధారం లేదు. చిన్నపిల్లలకు హింసాత్మక ఆటలు అమ్మకూడదని కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు అంతకుముందే, 2011లో, 7-2 తీర్పుతో కొట్టేసింది.

మనవైపు సాక్ష్యం కావాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. భీమవరం, తణుకు నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి, వైస్ సిటీ అనే ఆటలో కార్లు దొంగిలించి పోలీసుల్ని కాల్చిన తరం ఒకటుంది. ఇప్పుడు వాళ్లు రొయ్యల చెరువులు చేస్తున్నారు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల చేతిలో ఫోన్ చూసి టెన్షన్ పడుతున్నారు. ఇది శాస్త్రం కాదు, ఒప్పుకుంటాను. కానీ పెద్ద లెక్కలూ అటే చూపిస్తున్నాయి. అమెరికాలో తొంభైల నడుమ నుంచి గేముల అమ్మకాలు పెరుగుతుంటే, కుర్రాళ్ల హింసా నేరాలు తగ్గుతూ వచ్చాయి. గేములంటే పడిచచ్చే జపాన్, దక్షిణ కొరియాల్లో హత్యలు చాలా తక్కువ.

ఇంకో మాట ఉంది, మన జిల్లాల వాళ్లకు కొంచెం గుచ్చుకుంటుంది. ఫోన్‌లో బొమ్మ రక్తం చూసి కంగారుపడే తండ్రే, సంక్రాంతికి కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని కోడిపందేల బరి దగ్గరికి తీసుకెళ్తాడు. డేగ పుంజు కాలికి కత్తి కడతారు, కాకి పుంజు పొట్ట చీలుతుంది, అది నిజం రక్తం. హైకోర్టు ఎన్నిసార్లు కాదన్నా భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బరులు నిండిపోతాయి. అది చూసిన పిల్లలంతా కత్తులు పట్టారా? లేదు. బరి వేరు, బడి వేరని పిల్లాడికి తెలుసు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు చాలామంది ఆటకూ నిజానికీ మధ్య గీత బాగానే గీసుకుంటారు. అంతకంటే చిన్నవాళ్ల సంగతి వేరు. బండూరా బొమ్మను కొట్టినవాళ్లు మూడు నుంచి ఆరేళ్ల వాళ్లే. అయిదేళ్ల బుడ్డోడు అన్నయ్య పక్కన కూర్చుని హెడ్‌షాట్లు చూస్తుంటే మాత్రం నేను ఊరుకోమని చెప్పను. అయితే బరి దగ్గర పిల్లాడు నేర్చుకునేది రక్తం కాదేమో. పందెం ఎలా కాస్తారో, ఓడిపోయినప్పుడు నాన్న ఇంటికొచ్చి అమ్మ మీద ఎలా అరుస్తాడో, అది నేర్చుకుంటాడు. ఆ అరుపు సంగతి మళ్లీ వస్తుంది.

మరి పిల్లాడు మారాడన్నది నిజమే కదా, ఆ కోపం ఎక్కడిది? నా మట్టుకు నేను ఏ ఆట ఆడుతున్నాడన్నది చివర అడుగుతాను. ముందు, కోపం ఏ క్షణంలో వచ్చిందని అడుగుతాను.

చాలా ఇళ్లలో ఆ క్షణం ఒకటే. మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కున్నప్పుడు. ఆట ఎలా ఉంటుందో తెలియని అమ్మకు అది ఎప్పుడైనా ఆపేయగలిగే సినిమాలా కనిపిస్తుంది. పబ్జీకి మన దేశంలో ఇప్పుడున్న పేరు బీజీఎంఐ. అందులో వందమంది పారాచూట్లలో ఒక దీవి మీద దిగుతారు, చుట్టూ ఉన్న వలయం కుంచించుకుపోతుంటుంది, చివరికి మిగిలిన జట్టు గెలుస్తుంది. ఒక మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. నలుగురి జట్టులో ఒకడు మధ్యలో మాయమైతే మిగతా ముగ్గురూ ఇరుక్కుంటారు. ర్యాంకు పాయింట్లు పోతాయి. మర్నాడు స్కూలు బస్సులో "వీణ్ణి పెట్టుకుంటే ఓడిపోతాంరా" అన్న మాట పడుతుంది. పదమూడేళ్లవాడికి అది చిన్న విషయం కాదు. అమ్మ తీసుకుంది ఫోనే అనుకుంటుంది, వాడి పరువు కూడా అందులో పోయింది. ఇలాంటిదే ఇంకో ఆట ఫ్రీ ఫైర్‌లో యాభైమందే, మ్యాచ్ పది నిమిషాల్లో అయిపోతుంది. అందుకే "ఎనిమిదింటికి ఆపెయ్" అనేకంటే "ఈ మ్యాచ్ అయ్యాక ఆపెయ్, ఇంకోటి మొదలెట్టకు" అంటే గొడవ సగం తగ్గుతుంది. అరగంట ఆగడం అమ్మకు కష్టమే, నాకు తెలుసు.

రెండోది ఓటమి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, షిబిల్స్కీ కూడా అందులో ఒకడు, తుపాకులే లేని టెట్రిస్ లాంటి ఆటను కావాలని చేతకానంత కష్టంగా మార్చి ఆడించారు. ఆడినవాళ్లకు చిర్రెత్తుకొచ్చింది. అంటే కోపం తెప్పించింది హింస కాదు, చేతకానితనం. అంతకు ముందు 2011లో కెనడా పరిశోధకులు పోటీ తీవ్రతను విడిగా కొలిచి చూశారు. హింస ఉన్నా లేకపోయినా, పోటీ ఎక్కువున్న ఆటే దుడుకుతనం పెంచింది. ఇప్పుడు లంక గ్రామాల్లో సిగ్నల్ ఊహించుకోండి. ఆరేడు వేల ఫోన్, సరిగ్గా కాల్చే సమయానికి ల్యాగ్, అంటే తెర బిగుసుకుపోవడం, వాడి తప్పేమీ లేకుండానే ఆటలో వాడు చచ్చిపోయాడు. ఆ ఫోన్ మంచం మీదకి విసిరేస్తే నాకేం ఆశ్చర్యం లేదు.

నిద్ర గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాన్న రాత్రంతా రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోకుండా చెరువు గట్టున కాపలా ఉంటాడు, ఇంట్లో ఒంటిగంట దాకా దుప్పట్లో వెలుగు. అలాంటి పిల్లాడు మర్నాడు ఎవరితో మాట్లాడినా కసురుకుంటాడు. వాడు ఆడింది క్యాండీ క్రష్ అయినా అంతే.

డబ్బు దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, బీజీఎంఐలో యూసీలు, రెండూ అసలు డబ్బు పెట్టి కొనే ఆట నాణేలే. వాటితో క్రేట్ అనే పెట్టె తెరిస్తే లోపల ఏ డ్రెస్సు, ఏ గన్ స్కిన్ వస్తుందో తెలియదు. రాకపోతే ఇంకోటి తెరవాలి. ఇది సంక్రాంతి గుండాటకు చుట్టమే. బెల్జియం 2018లో డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెల్ని జూదం కింద లెక్కగట్టింది. మన దేశంలో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది గానీ, అది నిషేధించింది డబ్బు కాసి డబ్బు గెలుచుకునే ఆటల్ని. ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే ఆపింది. పిల్లలు క్రేట్లు తెరవడం మీద ఎవరి దృష్టీ పడలేదు. అమ్మ యూపీఐ పిన్ పిల్లాడికి నోటికొచ్చు, ఎందుకంటే కరెంటు బిల్లు కట్టేదీ, గ్యాస్ బుక్ చేసేదీ వాడే. ఇంట్లో జరిగే పెద్ద గొడవలు చాలావరకు ఈ డబ్బు బయటపడ్డ రోజునే జరుగుతాయి. పిన్ మార్చండి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. తుపాకుల గురించి ఉపన్యాసం ఇవ్వడంకంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది.

మైక్‌లో వినిపించేది కూడా ఒకసారి వినండి. ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు అదే జట్టులో ఉంటారు. కోనసీమ పిల్లలకు హిందీ బూతులు ఇంత చక్కగా ఎలా వచ్చాయంటే హిందీ మాస్టారి తప్పేమీ లేదు.

ఇక అరుపు సంగతి. ఆట వల్ల పిల్లాడు కొడుతున్నాడని వాణ్ణి బెల్టుతో కొట్టే ఇళ్లున్నాయి. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు యాభై ఏళ్ల అధ్యయనాలు, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల లెక్కలు తీసి 2016లో ప్రచురించారు. దెబ్బలు తినే పిల్లల్లో దుడుకుతనం, మొండితనం ఎక్కువని, దెబ్బ వల్ల బాగుపడిన జాడ లేదని తేలింది. గేముల హింస మీద ఉన్నంత తగువు కూడా దీని మీద లేదు.

నిషేధిస్తే పోతుంది కదా అని చాలామంది అంటారు. నిషేధాలూ చూశాం. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో సహా 118 యాప్‌లను ఆపింది. కారణం హింస కాదు, దేశ భద్రత, డేటా. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జూలైలో మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది, ఈసారి 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే అన్న షరతుతో. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపితే పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కు మారారు. దక్షిణ కొరియా 2011లో అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా 16 ఏళ్లలోపు వాళ్లకు ఆటలు ఆపేసే చట్టం తెచ్చి, పదేళ్ల తర్వాత తనే రద్దు చేసుకుంది. చైనా మాత్రం 2021 నుంచి పిల్లలకు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకానే ఆట అని బిగించింది. అంత బిగింపు మన దగ్గర కుదిరేది కాదు. మూడు గంటల షరతే, తన వయసు బదులు తాతయ్య వయసు టైప్ చేస్తే తీరిపోతుంది.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఇళ్ల సంగతి వేరేగా చెప్పాలి. అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది. పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఆ ఫోన్ కొన్నదే అమ్మతో వీడియో కాల్ మాట్లాడ్డానికి. "ఫోన్ తీసేసి బీరువాలో పెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్లకు ఆ ఇల్లు తెలియదు. ఫోన్ తీసేస్తే అమ్మ కూడా పోతుంది. అమ్మమ్మకు ఆట ఏదో, కాల్ ఏదో తేడా తెలియదు. పిల్లాడికి సాయంత్రం మాట్లాడే మనుషులు ఆ జట్టులో ఉన్న ముగ్గురే. ఇలాంటి ఇంట్లో పిల్లాడి కోపంలో ఆటకు ముడిపడింది ఎంత, అమ్మ లేకపోవడానికి ముడిపడింది ఎంత అని విడదీయడం ఏ పరిశోధకుడి వల్లా కాదు. అక్కడ చేయగలిగింది ఒకటుంది. అమ్మ కాల్‌కు రోజూ ఒకే వేళ పెట్టుకోవడం, ఆ వేళకు ఆట లేకుండా చూడటం. ఆమె అక్కణ్ణుంచే "ఇవాళ ఎంతమందిని కొట్టావురా, జట్టులో ఎవరున్నారు?" అని అడిగితే, అమ్మమ్మ కనిపెట్టలేనివి చాలా ఆమెకు తెలుస్తాయి.

ఎప్పుడు భయపడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 2022 జనవరి నుంచి గేమింగ్ డిజార్డర్ అమల్లో ఉంది. అందులో ఆటలోని తుపాకుల ప్రస్తావన లేదు. ఆపుదామన్నా ఆపలేకపోవడం, తిండి, చదువు, స్నేహితులు అన్నిటికంటే ఆటే ముందు కావడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం. మామూలుగా ఇవి ఏడాదిపాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. పరీక్షలైపోయాక వారం రోజులు రాత్రింబవళ్లు ఆడినవాడు ఇందులోకి రాడు. స్కూలు మానేసినవాడు, ఇంట్లో డబ్బు తీస్తున్నవాడు, తనను తాను గాయపరుచుకుంటానని బెదిరించేవాడు వస్తాడో రాడో తేల్చాల్సింది డాక్టరు. చచ్చిపోతానని పిల్లాడు నోటితో అంటే ఏడాది లెక్కలు పెట్టుకోకూడదు, ఆ రోజే చూపించాలి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, అమ్మమ్మ అయినా చేయొచ్చు.